చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టండి

గెలిచిన మొదటి వారం శాలువాలతో, ఫ్లెక్సీలతో ఎలాగూ గడిచిపోతుంది. రెండో వారంలో ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం పెట్టుకోండి. మీరు కార్పొరేటరు కావచ్చు, వార్డు సచివాలయంలో కొత్తగా చేరిన శానిటేషన్ కార్యదర్శి కావచ్చు, కాలనీ సంఘం పని నెత్తినేసుకున్న మనిషి కావచ్చు. మీ డివిజన్‌లో జనం ఆరోగ్యం బాగుపడాలంటే చేయాల్సిన మొదటి పని ఆఫీసులో లేదు. నీళ్లు వదిలే వేళకి వీధిలోకి వెళ్లి, ఆ లైన్‌లో చిట్టచివరి కుళాయి ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేశాను. కృష్ణకి అటూ ఇటూ నాలుగైదు ఊళ్లు తిరిగి రిటైరయ్యాక బెజవాడలో చిట్టినగర్ వైపు, కొండ మొదట్లో ఇల్లు తీసుకున్నాం. ఉద్యోగం పోయినా కాలవల్లోకి తొంగిచూసే బుద్ధి పోలేదని మా ఆవిడ దెప్పుతుంటుంది. నిజమే. మా పేటలో కొత్తగా నాయకులైన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "బాబాయ్, జనానికి ఆరోగ్యం విషయంలో ఏం చేస్తే బాగుంటుంది?" అని అడుగుతారు. వాళ్ల మనసులో అప్పటికే ఒక మెడికల్ క్యాంపు, ఒక ఓపెన్ జిమ్ము ఉంటాయి. నేను చెప్పేది వాళ్లకి అంత రుచించదు. అయినా చెబుతాను.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పనులు 18 అని 12వ షెడ్యూల్‌లో రాసింది. అందులో తాగునీరు అయిదోది, ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త కలిపి ఆరోది. పార్కులున్నాయి, శ్మశానాలున్నాయి, జనన మరణాల నమోదు ఉంది. ఆస్పత్రి అన్న మాట మాత్రం లేదు. వచ్చిన జబ్బుకి మందివ్వడం వేరేవాళ్ల పని, రాకుండా చూడటం మీ పని అన్నమాట. క్యాంపు పెట్టొద్దని కాదు. కానీ క్యాంపుకి వచ్చేవాడు నడవగలిగినవాడు. మీరు వెతకాల్సింది రాలేనివాణ్ని.

సరే, కుళాయి దగ్గరకి వద్దాం.

నీళ్ల ట్యాంకు దగ్గర పరీక్ష చేస్తే నీళ్లు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి. పాడయ్యేది దారిలో. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు, వేళకి వదులుతారు. వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటున్న మురుగుని లోపలికి పీలుస్తుంది. మర్నాడు వాల్వు తిప్పగానే ఆ మురుగంతా ముందు వరసలో తోసుకుంటూ పోతుంది. లైన్‌లో చివరనున్న ఇంటికి నీళ్లు ఆఖరున, నీరసంగా వస్తాయి, దారిలో కలిసిందంతా మోసుకుని. దానికి తోడు మధ్యలో నలుగురు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు నీళ్లనే కాదు, గొట్టం చుట్టూ ఉన్నదాన్ని కూడా లాగుతుంది. మోటార్లు తీయించడం ఓట్లు పోయే పని. అందుకే ఎవరూ చేయరు. చివరింటికి నీళ్లు అందేలా చేసి చూపిస్తే సగం మోటార్లు వాటంతటవే మూలకి చేరతాయి, ఇది నేను కళ్లారా చూశాను.

వెళ్లేటప్పుడు క్లోరోస్కోపు, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న పరికరం, పట్టుకెళ్లండి. సచివాలయంలోనో, నీళ్లు వదిలే ఫిట్టరు దగ్గరో ఉంటుంది. వాడటానికి ఇంజినీరు కానక్కర్లేదు. చివరి కుళాయి తిప్పగానే వచ్చిన మొదటి చెంబు నీళ్లు తెల్లటి గ్లాసులో పట్టి రంగు చూడండి, వాసన చూడండి. తర్వాత నీళ్లు నిలకడగా పారాక గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేయండి. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చితే ఎంతో తెలుస్తుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగు అసలు రాలేదంటే ఆ నీళ్లలో క్లోరిన్ దేనితోనో పోట్లాడి అయిపోయి ఉండొచ్చని అర్థం. ఆ 'దేనితోనో' ఏమిటన్నదే మీరు కనుక్కోవాల్సిన సంగతి. చుక్కల మందు ఎండలో పెట్టినా, గడువు దాటినా పనిచేయదు. సీసా మీద తేదీ చూసుకోండి. నేను ఒకసారి పాత మందుతో పరీక్ష చేసి ఒక వీధిని అనవసరంగా హడలగొట్టాను.

లైన్ మొదట్లో ఒక ఇంటి దగ్గర, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట. మూడు చోట్లా అంకెలు ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళతో రాయండి. మొదట్లో ఉండి చివర లేకపోతే తప్పు మధ్యలో ఉంది. అక్కడి నుంచి వెనక్కి ఒక్కో ఇల్లూ నడుచుకుంటూ రండి. కాలవ దాటే ప్రతి సర్వీసు పైపునీ, అంటే వీధి గొట్టం నుంచి ఇంటికి వెళ్లే సన్న గొట్టాన్ని, కంటితో చూడండి. చూడగానే తెలిసిపోతుంది, తుప్పు పట్టిన ఇనప గొట్టం మురుగులో మునిగి ఉంటుంది, దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది.

పేరు చెప్పను గానీ ఒక చిన్న మునిసిపాలిటీలో ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఒక సాయంత్రం మందుల షాపు అతను ఆపి, "సార్, మూడు రోజుల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు డబ్బాలు అయిపోయాయి. కొన్నవాళ్లంతా ఒకే సందువాళ్లు" అన్నాడు. మా రిజిస్టర్లో అప్పటికి ఒక్క కేసూ లేదు. జనం ముందు మందుల షాపుకి పోతారు, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గరకి, గుక్క తిప్పుకోలేనప్పుడు ఆస్పత్రికి. మా లెక్క మొదలయ్యేది ఆస్పత్రిలో. ఆ సందులో కొత్తగా కల్వర్టు కట్టినప్పుడు పార తగిలి ఒక సర్వీసు పైపు చిట్లింది. సర్వీసు పైపు ఇంటివాళ్లది కాబట్టి మాది కాదన్నారు నీళ్లవాళ్లు. కల్వర్టు కాంట్రాక్టరుది అన్నారు పనులవాళ్లు. విరేచనాలు మాత్రమే మావి. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగా ఇంకో రెండు రోజులు గడిచాయి. బాగుచేయడానికి పట్టింది ఒక మనిషి, ఒక పూట.

అందుకే స్థానిక పాలకులు చేయగలిగిన అతి పెద్ద వైద్యం ఏమిటని అడిగితే, ఇలాంటి వాళ్లందర్నీ ఒకే చోట, ఒకే సమయానికి నిలబెట్టడం అంటాను. ఫిట్టరు, సదుపాయాల కార్యదర్శి, శానిటేషన్ కార్యదర్శి, ఆరోగ్య కార్యదర్శి. వాట్సాప్‌లో కాదు, చిల్లు దగ్గర. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో మురుగు తాగునీటిలో కలిసి, అతిసారంతో పదిమందికి పైగా పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎక్కడైనా గొట్టం కథ ఒకటే కనుక.

మందుల షాపు పాఠాన్ని మీరు పద్ధతిగా మార్చుకోండి. డివిజన్‌లో నాలుగు మందుల షాపులు, ఇద్దరు ముగ్గురు ఆర్‌ఎంపీలు ఉంటారు. శనివారం శనివారం ఒక్క ఫోను. "ఈ వారం విరేచనాలా, జ్వరాలా? ఏ వీధి?" ఆశా కార్యకర్తకి ఇంకా ముందే తెలుస్తుంది, అడిగేవాళ్లు లేక చెప్పదు. డివిజన్ మ్యాపు ఒకటి గోడకి అంటించి, చెప్పిన వీధి దగ్గర చుక్క పెట్టండి. మూడు చుక్కలు ఒకచోట పడ్డాయంటే ఆగొద్దు, ఆ సాయంత్రమే క్లోరోస్కోపుతో వెళ్లండి. నీళ్లు బాగయ్యేదాకా ట్యాంకర్ పంపించండి, కాచి తాగమని మైకులో చెప్పించండి, ఓఆర్‌ఎస్ ఇంటింటికీ చేర్చండి. ప్యాకెట్లు చాలకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, గుట్టగా కాకుండా అంచుకి సమంగా. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, ఇది మైకులో రెండుసార్లు చెప్పించండి.

ఇంకొక మాట. కాలవ గట్టు మీద ముగ్గులా చల్లే తెల్ల పొడి నీళ్లని శుభ్రం చేయదు. పెద్దలు వస్తున్నారంటే చల్లుతారు, అంతే. బ్లీచింగ్ పని చేయాల్సింది సంపుల్లో. మంచి బ్లీచింగ్ పొడి 1000 లీటర్లకి రెండున్నర గ్రాములు. కొంచెం నీళ్లలో కలిపి, పైకి తేరిన నీరు సంపులో పోసి, గంటసేపు ఆగి వాడుకోవాలి. మూత తెరిచి ఉంచిన బస్తాలో పస ఉండదు. బస్తా వాసన ఘాటుగా లేకపోతే అది ఉత్త సున్నం కిందే లెక్క.

కొండ మీద చివరి మెట్టు

బెజవాడకి కొండల సంగతి వేరే. ఊరి మధ్యలోనే ఇన్ని ఇళ్లు రాళ్లకి అతుక్కుని ఉన్న ఊరు కోస్తాలో ఇంకోటి చూపించండి. మెట్ల పక్కనే కాలవ, కాలవ పక్కనే నీళ్ల గొట్టం, ఒక్కోచోట కాలవలోనే గొట్టం. పైవాళ్ల మురుగు కిందివాళ్ల గుమ్మం ముందు నుంచి పోతుంది. ఇక్కడ చివరి కుళాయి అంటే పై కుళాయి.

మెట్లు ఎక్కండి. మీ వెనకాల వచ్చే మనుషులు నలభయ్యో మెట్టు దగ్గర ఆగిపోతారు, అది మంచిదే. పైకెళ్లాక మూడు విషయాలు చూసుకోండి. చెత్త బండి కొండెక్కదు. పై ఇళ్ల చెత్త రాళ్ల సందులోకి పోతుంది, వానకి కొట్టుకొచ్చి కింద కాలవకి అడ్డం పడుతుంది, కింద వీధిలో మురుగు ఇళ్లలోకి వస్తుంది. కింద వీధివాళ్లు మీ దగ్గరకి వచ్చి పూడిక తీయించమంటారు. మీరు నెలకోసారి తీయిస్తూనే ఉంటారు. మెట్ల వరసకి ఒక మనిషిని బస్తాతో, రోజూ ఒకే వేళకి పైకి పంపితే పూడిక ఖర్చులో చాలా భాగం తగ్గుతుంది. వేళ ముఖ్యం. ఒకరోజు ఏడింటికి, ఒకరోజు పదింటికి వస్తే ఎవరూ చెత్త దాచి ఉంచరు.

రెండోది కడ్డీ. మెట్లకి పట్టుకోవడానికి ఇనప కడ్డీ, మలుపు మలుపుకీ ఒక లైటు. నొప్పులొచ్చిన పిల్లని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దించడం మా పేటలో చూశాను. 108 కింద రోడ్డు మీద ఎదురుచూస్తోంది, పై మలుపులో లైటు లేదు. ఒక స్వాగత ద్వారం కట్టే డబ్బుతో ఎన్ని మెట్ల వరసలకి కడ్డీలు పడతాయో ఇంజినీరుని అడిగి లెక్క వేయించుకోండి. ద్వారం మీద మీ పేరుంటుంది, కడ్డీ మీద ఉండదు, అదొక్కటే తేడా.

మూడోది బీపీ మాత్రలు. కింద అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగానే ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్న ముసలావిడ మాత్రల కోసం నూట ఇరవై మెట్లు దిగి మళ్లీ ఎక్కుతుందా? మానేస్తుంది. పక్షవాతం వచ్చాక మంచంతో దించుతారు. ఆరోగ్య కార్యదర్శిని నెలలో ఒక నిర్ణీత రోజున, బీపీ మిషను, మాత్రలతో పైకి పంపించే ఏర్పాటు చేయండి. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు చూడాలన్నది ఎలాగూ ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే. మీరు అదనంగా చేసేదల్లా రోజు ఖాయం చేయడం, ఆ కార్యదర్శికి తోడుగా మెట్లెక్కడం.

పొగ మీద మోజు

దోమల గురించి చెబితే జనానికి కోపం వస్తుంది. ఫాగింగ్ బండి వస్తే పిల్లలు వెనకాల పరిగెడతారు, పెద్దలు ఫోటో తీస్తారు, మీకు పేరొస్తుంది. పొగ ఎగిరే దోమనే చంపుతుంది. నీళ్లలో ఉన్న పురుగుకి దాని సంగతే తెలియదు, నాలుగు రోజుల్లో రెక్కలు కట్టుకుని వస్తుంది. డెంగీ కేసులు వచ్చిన వీధిలో పొగ వేయాల్సిందే, కాదనను. ఊరంతా తిప్పడం డీజిల్ దండగ.

మురుగు కాలవ దోమ వేరు, డెంగీ దోమ వేరు. డెంగీది ఎక్కువగా మంచినీళ్లలో పుడుతుంది. డ్రమ్ములు, కూలర్లు, ఫ్రిజ్జు వెనక ట్రే, కొబ్బరి చిప్పలు, కట్టి ఆపేసిన అపార్టుమెంటు సెల్లార్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి శుక్రవారం, నిలవ నీళ్లన్నీ పారబోసే డ్రై డే అని పెట్టారు. నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి గోడ పీచుతో రుద్దాలి. గుడ్లు ఆరిన గోడకి నెలల తరబడి అంటుకుని ఉండి, నీళ్లు తగలగానే లేస్తాయి.

మీరు చేయాల్సింది ఇదీ: ఒక సందులో ఇరవై ఇళ్లు మలేరియా సిబ్బందితో కలిసి తిరగండి. ఎన్ని ఇళ్లలో పురుగు కనపడిందో లెక్కపెట్టండి. రెండు వారాల తర్వాత అదే సందుకి మళ్లీ వెళ్లండి. అంకె తగ్గితే మీ పని పనిచేస్తోంది. తగ్గకపోతే ఇళ్లలో కాకుండా ఇంకెక్కడో ఉంది. మన ఊరికి ఆ 'ఇంకెక్కడో' ఏమిటో నన్నడిగితే రెండు చెబుతాను: ఆటోనగర్ చుట్టుపక్కల వానకి తడిసే పాత టైర్ల గుట్టలు, కాలేజీ హాస్టళ్ల మీద మూతల్లేని ట్యాంకులు. టైర్లకి టార్పాలిన్ కప్పించినా, చిల్లులు వేయించినా సరిపోతుంది. హాస్టలు వాచ్‌మన్ మేడ మీదికి రానివ్వకపోతే నోటీసు ఇప్పించండి. ఆ పిల్లలు జ్వరంతో ఇళ్లకి పోతారు, జ్వరం మన లెక్కలోకి రాదు, ఇంకో జిల్లా లెక్కలో పడుతుంది.

వరద వస్తే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ రోజుల్లో సాయం పెద్ద రోడ్ల దాకా త్వరగా వచ్చింది, లోపలి సందుల్లో చివరి ఇళ్లకి ఆలస్యమైంది. దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఒక జాబితా. ఏ ఇంట్లో డయాలసిస్ మనిషి, ఏ ఇంట్లో నిండు చూలాలు, ఎవరు మంచం మీద ఉన్నారు, ఇన్సులిన్ ఎవరికి కావాలి. ఆశా కార్యకర్త పుస్తకంలో ఇది చాలావరకు ఉంటుంది. వానాకాలం ముందే కాగితం మీద ఒక నకలు తీసి పెట్టుకోండి. ఫోన్లో ఉన్న జాబితా కరెంటు పోయిన రెండో రోజు పనికిరాదు.

ఎండ సంగతి కొద్దిగా. రోహిణి కార్తెలో మన ఊరు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా. చలివేంద్రం ఫ్లెక్సీ కనపడే చోట కాకుండా ఆటోవాళ్లు, తోపుడు బండ్లవాళ్లు ఆగే చోట పెట్టండి, కుండలో నీళ్లకి కూడా క్లోరోస్కోపు పెట్టండి. పారిశుధ్య కార్మికుల వేళలు ముందుకి జరిపి, ఎండ ముదరకముందే ఇంటికి పంపండి. అహ్మదాబాద్ 2013లోనే వడగాడ్పులకి ఒక పద్ధతైన ప్రణాళిక వేసుకుంది. మనం ఇంకా మజ్జిగ ప్యాకెట్ల దగ్గరే ఉన్నాం.

ఆడవాళ్ల మరుగుదొడ్లు చిన్న విషయంగా తీసిపారేయకండి. కాళేశ్వరరావు మార్కెట్టు లాంటి చోట కూరగాయలమ్మే ఆడమనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగదు, ఎందుకంటే వెళ్లడానికి చోటు లేదు. మూత్రంలో మంట, జ్వరం, కిడ్నీ దాకా పోతుంది. కట్టడం ఎవరైనా కడతారు. తాళంచెవి ఎవరి దగ్గరుంది, నీళ్లు వస్తున్నాయా, లోపల గొళ్లెం పడుతోందా, ఈ మూడూ మీ ఇంట్లో ఆడవాళ్లని పంపించి కనుక్కోండి. పార్కులదీ అదే కథ. పొద్దున వాకింగ్ బృందానికి తెరిచి, ఆడవాళ్లకి తీరిక దొరికే వేళకి తాళం వేస్తారు.

కాగితం రాయడం ఎలాగంటే

"మా వీధిలో నీళ్లు బాగాలేవు, తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే తగు చర్య అంటే ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టడమే. ఇలా రాయండి: ఫలానా తేదీన ఉదయం 5.40కి, ఫలానా వేపచెట్టు ఎదురింటి కుళాయి దగ్గర క్లోరిన్ సున్నా; అదే లైన్ మొదట్లో 0.5, మధ్యలో సర్వీసు పైపు కాలవలో మునిగి ఉంది, ఫోటో జతచేశాం, ఆ పైపుని కాలవ పైకి ఎత్తించాలి. ఒక్క కాగితంలో ఒక్కటే కోరిక. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి అర్జీ నంబరు తీసుకోండి. నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో కూడా 'ఎందుకు చేయలేదు' అని అడగొద్దు, ఆ లైన్‌లో గత మూడు నెలల నీటి పరీక్షల రిజిస్టరు నకలు అడగండి. నకలు తయారుచేయాలంటే రిజిస్టరు తెరవాలి కదా, ఖాళీ పేజీలు వాళ్లకీ కనపడతాయి. కార్పొరేటర్లయితే బడ్జెట్ ముసాయిదా కౌన్సిల్‌కి రాకముందే ఇంజినీరింగ్ సెక్షన్లో కూర్చుని ఈ చిల్లర పనులు పేరు పేరునా రాయించండి. సమావేశంలో లేచి అరిస్తే పేపర్లో వస్తుంది, అంచనాల్లోకి రాదు.

మొదటి రోజు చివరింటికి వెళ్లినప్పుడు ఆ ఇంటావిడ మిమ్మల్ని చూసి కంగారుపడుతుంది, తర్వాత టీ పెడతానంటుంది. వద్దనకండి, కూర్చోండి. పొయ్యి వెలిగించాక, ఏ నీళ్లతో పెడుతున్నారమ్మా అని అడగండి. ఆవిడ చెయ్యి కుళాయి వైపు కాకుండా మూలనున్న ఇరవై లీటర్ల టిన్ను వైపు వెళ్లిందంటే, నోటుపుస్తకం తీసి ఆ ఇంటి నంబరు రాసుకోండి. క్లోరోస్కోపు ఆ తర్వాత తీయొచ్చు.